మరకలమ్మ కూతురు

మా మరదలిని ఈ వీధిలో అందరూ మరకలమ్మ అంటారు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఎవరో సరదాగా అన్న మాట, అలాగే అంటుకుపోయింది. ఊళ్ళో వాళ్ళ మరకలన్నీ వదిలిస్తుంది గానీ తన పేరుకి అంటిన ఆ మరకని మాత్రం వదిలించుకోలేకపోయింది. సిరా, తుప్పు, గ్రీజు, పాత నెత్తురు, ఏదైనా సరే, ముందు బట్టని వెలుతురులోకి తిప్పి చూస్తుంది. వేలితో తడుముతుంది. వాసన చూస్తుంది. "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" వినపడితే మరక పోయినట్టే లెక్క.

మాది లాండ్రీ. కింద దుకాణం, పైన ఇల్లు. ముందు గదిలో కౌంటరు, దాని వెనక నా ఇస్త్రీ బల్ల, ఇంకా వెనక ఉతికే యంత్రాలు. యంత్రాల దగ్గర మా తమ్ముడు. ఆ చప్పుడులో ఉండీ ఉండీ వాడికి సగం మాటలు వినపడవు, మిగతా సగం విననట్టు నటిస్తాడు. కౌంటరు పక్కన కుర్చీలో మా అమ్మ. వచ్చేపోయేవాళ్ళ ఆరా తీయడం ఆవిడ పని. ఆ పనికి జీతం లేదు, సెలవూ లేదు. నా సంగతి అంటారా, నాకు ముక్కు మీద కోపం. చేతిలో ఎప్పుడూ కాలుతున్న ఇస్త్రీపెట్టె ఉంటుంది కాబట్టి ఎవరూ ఆ మాట నా మొహం మీద అనరు.

పిల్లల కోసం మా తమ్ముడూ మరదలూ తిరగని ఆసుపత్రి లేదు, మింగని మందు లేదు. చివరికి డాక్టరమ్మ ఇక లాభం లేదని చెప్పేసింది. ఆ రోజు మరదలు ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, ఎవరిదో పెళ్ళికోటు మీది మరక ముందేసుకుని కూర్చుంది. సాయంత్రం దాకా రుద్దింది. మరక పోయింది. అప్పుడు తలెత్తి, "వదినా, మేం ఒక పాపని తెచ్చుకుందాం అనుకుంటున్నాం" అంది.

నేను ఏదో అనేలోపే మా అమ్మ అందుకుంది. "తెచ్చుకోవడమేంటే, కూరగాయలా? ఎవరి పిల్లో, ఏ ఇంటి బిడ్డో, ఎవరి పోలికలో!"

"ఎవరి పోలికలైతే ఏంటత్తయ్యా, మీ అబ్బాయి పోలికలు రానంతవరకూ నాకు పర్వాలేదు" అంది మరదలు.

యంత్రాల వెనక నుంచి మా తమ్ముడు "ఏంటి, నన్ను పిలిచారా?" అన్నాడు. మా అమ్మకి నవ్వాగలేదు. నవ్వాక ఇక గట్టిగా కాదనడం కష్టం. అయినా వదిలిపెట్టకుండా, "సరే, తెస్తే ఉయ్యాల్లో వేసే పిల్లని తేండి. కళ్ళు తెరవగానే మన మొహాలే చూడాలి" అని షరతు పెట్టింది.

ఈ కబురు ఎలా పొక్కిందో గానీ, ఒకరోజు ఒకాయన కోటు పట్టుకుని వచ్చాడు. కోటు నా చేతికిచ్చి మరదలి వైపు వంగి గొంతు తగ్గించాడు. తనకి తెలిసిన ఆసుపత్రి ఉందట. బిడ్డ పుట్టగానే తెచ్చి చేతుల్లో పెడతాడట. ఆఫీసులూ కాగితాలూ తిరగడాలూ ఏమీ ఉండవట. కాస్త ఖర్చవుతుందంతేనట. మరదలు కోటు తీసుకుని వెలుతురులో తిప్పింది.

"ఇది పోదండీ. మీరు మాత్రం వెంటనే పోవచ్చు" అంది.

ఆయన మొహం ఎర్రగా చేసుకుని వెళ్ళిపోయాక మా అమ్మ గునిసింది, పని తొందరగా అయిపోయేది కదా అని. అప్పుడు మరదలు అన్న మాట నాకిప్పటికీ గుర్తే. "కొనుక్కొచ్చిన బిడ్డని రేపు ఇంకెవడో ఎక్కువిచ్చి కొనుక్కుపోతాడత్తయ్యా. అసలు ఆ కన్నతల్లి ఇచ్చిందో, ఈయనే ఎత్తుకొచ్చాడో మనకేం తెలుసు? నాకు దొంగసొత్తు వద్దు. నా బిడ్డ నా బిడ్డేనని నలుగురి ముందూ ఎవరైనా రాసివ్వాలి."

దత్తత ఆఫీసులో పేర్లు రాయించుకున్నారు. ఖర్చు లేదని కాదు. అయ్యే రుసుములేవో ఆఫీసు గోడ మీదే రాసి ఉన్నాయి. అంతే కట్టించుకున్నారు, రసీదు ఇచ్చారు. మధ్యలో ఎవరి చేయీ తడపక్కర్లేకపోయింది. కొత్త యంత్రం కొందామని దాచిన సొమ్ము అందుకు పోయింది. పాత యంత్రం ఇప్పటికీ దడదడలాడుతూనే ఉంది, మా తమ్ముడి చెవులు ఇంకాస్త మొద్దుబారుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత ఆఫీసు నుంచి ఒక మేడమ్ ఇల్లు చూడ్డానికి వచ్చింది. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. పడకగది చూసింది, స్నానాలగది చూసింది, ఆరోగ్యం కాగితాలు చూసింది, కిటికీ ఊచలు లాగి చూసింది. మా తమ్ముడూ మరదలూ పోట్లాడుకుంటే ముందు ఎవరు మాట్లాడతారని అడిగింది. ఇద్దరూ ఒకేసారి "నేనే" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మీకు కోపం కాస్త ఎక్కువట కదా?" అంది.

"ఎవరన్నారు? ఎవరన్నారో చెప్పండి, ఇప్పుడే తేల్చుకుంటాను!" అన్నాను.

మేడమ్ పెన్ను తీసి ఏదో రాసుకుంది. ఏం రాసిందో ఇవాళ్టికీ చెప్పలేదు.

ఇక ఎదురుచూపులు. ఉయ్యాలపిల్లలు కావాలనేవాళ్ళు మా ముందు బారుగా ఉన్నారు. ఎండలు పోయి వానలొచ్చాయి, వానలు పోయి చలి వచ్చింది. ఫోను మోగితే చాలు మరదలి ప్రాణం లేచొచ్చేది. తీరా ఎవరో తమ ప్యాంటు ఉతికారా అని అడిగేవాళ్ళు. చివరికి ఒక మధ్యాహ్నం నిజంగానే మేడమ్ ఫోన్ చేసింది. "ఏడేళ్ళ పాప ఉంది. పెద్దపిల్లల్ని ఎక్కువమంది అడగరు. మీకు ముందే చెప్పాలి, ఒకసారి ఒక ఇంటికి వెళ్ళి తిరిగొచ్చింది."

"తిరిగి రావడమేంటి?" అంది మా అమ్మ. "ఎందుకు పంపారట?"

"కుదరలేదని మాత్రమే చెప్పారట" అంది మరదలు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. "ఏడేళ్ళ పిల్లత్తయ్యా. ఒకసారి మనవాళ్ళే అనుకుని వెళ్ళి, మళ్ళీ మూట కట్టుకుని వచ్చిందట. దాని మనసెలా ఉంటుంది?"

మా అమ్మ ఉయ్యాల మాట మళ్ళీ ఎత్తలేదు.

పాప వచ్చింది. బక్కపల్చగా, నున్నగా దువ్విన జడలతో, చేతిలో చిన్న సంచీతో. గుమ్మంలోనే చెప్పులు విప్పి జతగా పెట్టింది. మా అందర్నీ ఒక్కొక్కరినే చూసి, "బాగున్నారాండీ?" అంది. నేను నోరు వెళ్ళబెట్టాను. ఈ ఇంట్లో అంత మర్యాద ఎవరూ ఎరగరు.

అన్నిటికీ అండీయే. "పాలు చాలండీ." "దీపం ఆర్పమంటారాండీ?" మరదలిని "అమ్మగారండీ" అనేది, తమ్ముడిని "నాన్నగారండీ". మేనత్తని కదా, నన్ను అత్తా అనమంటే "అత్తగారండీ" అంది. "నేనేమైనా నీ మొగుడి తల్లినా?" అన్నాను. అది జోకని తెలియక బిక్కమొహం వేసి, "క్షమించండి" అంది. పెరట్లో పిల్లితో కూడా "కొంచెం జరుగుతారాండీ" అనడం నా చెవులతో విన్నాను. ఆ రోజు నుంచి నేను దానికి అండీపాప అని పేరు పెట్టాను.

వీధి వీధంతా మెచ్చుకుంది. "ఎంత పద్ధతైన పిల్ల! మా వాళ్ళూ ఉన్నారు ఎందుకు, చెప్పింది ఒక్కటీ వినరు" అని కౌంటరు దగ్గర ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. మరదలు నవ్వేది. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ నవ్వు ఉండేది కాదు.

"వదినా, నువ్వు అత్తయ్యని ఎప్పుడైనా మీరు అన్నావా?" అని అడిగిందోసారి.

"నేనా? అంతకన్నా చాలా ఘోరమైన మాటలే అన్నాను."

"మరి? అది నన్ను ఒక్కసారి నువ్వు అనదేం? ఒక్కసారి విసుక్కోదేం? హోటల్లో దిగినట్టు ఉంటోంది వదినా. పక్క కూడా తనే సర్దేస్తుంది, తను పడుకున్నట్టే తెలీకుండా."

అంతలో పాపకి జ్వరం వచ్చింది. వచ్చిందని దాని నోటితో చెబితేగా! బడి సెలవులు, నా పక్కనే కూర్చుని చేతిరుమాళ్ళు మడతపెడుతోంది. ఏదో అందుకోబోయి చెయ్యి తగిలితే కాలిపోతోంది. "ఓసి నీ! ఒళ్ళు ఇలా మండిపోతుంటే చెప్పవేమే?" అని అరిచాను.

"మీకు శ్రమ కదండీ" అంది.

మరదలు దాన్ని ఎత్తుకుని మేడ మీదికి తీసుకెళ్ళింది. నుదుటి మీద తడిగుడ్డ మార్చి మార్చి వేస్తూ ఆ రోజంతా దుకాణంలోకి రాలేదు. నేను పైకి వెళ్ళి చూస్తే, పాప నిద్రపోతోంది, మరదలు గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. "శ్రమట వదినా, శ్రమట" అంది. నేను గిన్నెలో చల్లటి నీళ్ళు మార్చి తెచ్చి మంచం పక్కన పెట్టాను.

పాప మా ఇంట్లో ఉంటోంది గానీ కాగితాల మీద ఇంకా మాది కాలేదు. ఆఖరి ఆర్డరు రావాలి. దానికి ముందు, అంత వయసున్న పిల్ల కాబట్టి, తన ఇష్టం కూడా అడుగుతారు. ఆ ఆర్డరు ఇచ్చే దత్తత కచేరీలో ఒక పెద్దాయన ఉంటారు, ఆయన పాపని ఒక్కదాన్నే లోపలికి పిలిచి మాట్లాడతారు. పిల్ల ఉంటానంటేనే సంతకం. మరదలు పాపకి నీలం గౌను వేసి తీసుకెళ్ళింది. అందరం వెళ్ళాం. దుకాణానికి తాళం పడింది.

లోపల ఏం జరిగిందో మేడమ్ బయటికొచ్చి చెప్పింది. "వీళ్ళ దగ్గర ఉంటావా అమ్మా?" అని ఆయన అడిగారట. "మీరెలా చెబితే అలాగేనండి" అందట. "అలా కాదు, నీకిష్టమేనా?" అంటే, "మీ ఇష్టమండి" అందట. ఇంకో ఇల్లైతే వెళ్తావా అన్నా అదే మాట, మళ్ళీ పిల్లల హోముకే వెళ్తావా అన్నా అదే మాట.

"ఇది ఒప్పుకోవడం కాదన్నారు సార్" అంది మేడమ్ మెల్లగా. "మీ తప్పని కాదు. పిల్ల ఇంకా చుట్టంలాగే ఉంది. ఇంకొన్నాళ్ళు ఆగి మళ్ళీ తీసుకురమ్మన్నారు. అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రం ఆలోచించాలి."

ఆలోచించడమంటే ఏమిటో ఎవరూ అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం. తిరిగొచ్చే దారిలో పాప మరదలి వేలు పట్టుకుని, "నేను సరిగ్గా చెప్పానాండీ?" అంది. "బాగా చెప్పావు తల్లీ" అంది మరదలు. ఆ మాట ఎలా పలికిందో ఆ దేవుడికే తెలియాలి.

సెలవులైపోయి బడి తెరిచే రోజులు వచ్చాయి. ఈలోగా పాప దుకాణంలో పనులన్నీ నేర్చేసుకుంది. మా లాండ్రీలో బట్టలు కలిసిపోకుండా ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం ఉంటుంది. కాలరు లోపల నాలుగు కుట్లు వేస్తాం. ఎర్రదారం డాక్టరుగారి ఇల్లు, పసుపు మూల మీది మాస్టారి ఇల్లు, నీలం బేకరీ వాళ్ళు. పాప కాలరు తిప్పి చూసి, ఎవరివి వాళ్ళ అరలో పెట్టేసేది.

"ఈ గుర్తు ఎందుకండీ?" అని అడిగింది మొదట్లో.

"తిరిగి ఎవరింటికి పంపాలో తెలియాలి కదా."

"మరి మన బట్టలకి లేదేంటండీ?"

"మనవి ఎక్కడికి పంపుతాం? గుర్తు లేదంటే మనవే. గుర్తుంటే పంపేసేవి." ఇంతకన్నా తేలిగ్గా ఎవరు చెబుతారు చెప్పండి?

బడివాళ్ళేమో పిల్లల యూనిఫాం మీద ఏదో ఒక గుర్తు పెట్టి పంపమన్నారు. ఆటల పీరియడ్‌లో అన్నీ కలిసిపోతున్నాయట. మరదలు పెట్టె అడుగు నుంచి ఒక ఆకుపచ్చ దారపుండ తీసింది. లేతాకు రంగు. అది ఎప్పుడో కొని, ఏ ఇంటికీ ఇవ్వకుండా దాచుకుంది. మూడు జతల యూనిఫాంకి, చలికోటుకి, ఆఖరికి సాక్సులకి కూడా ఆకుపచ్చ కుట్లు వేసింది. ఒక్కో కుట్టూ మురిసిపోతూ వేసింది. పాప నిద్రలేచేసరికి అన్నీ మడతపెట్టి ఉన్నాయి.

ఆ పొద్దున పాప నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. "ఆకుపచ్చ దారం ఎవరిదండీ?"

పెళ్ళివారి పట్టుబట్టలు ముందున్నాయి. కాస్త ఏమరితే మాడిపోతాయి. తల తిప్పకుండానే, "ఎవరో కొత్తవాళ్ళయి ఉంటార్లే" అన్నాను. అది కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. యూనిఫాం గురించి అడుగుతోందని నాకెలా తెలుస్తుంది?

మర్నాడు బడి మొదటి రోజు. ఇల్లంతా హడావుడి. మరదలు యూనిఫాం కోసం వెతుకుతోంది. అలమరలో లేదు, దండెం మీద లేదు. తల ప్రాణం తోకకొచ్చాక ఉతకాల్సిన దుప్పట్ల బుట్ట అడుగున దొరికాయి, మూడు జతలూ, కోటూ, సాక్సులూ ఉండచుట్టి. తీసి చూస్తే ఒక్కదానికీ గుర్తు లేదు. సూదితో పీకేసిన పీకుడుకి కాలరు దగ్గర చిన్న చిన్న బెజ్జాలు.

"ఎవరు చేశారిది?" అంది మరదలు.

పాప గోడకి ఆనుకుని నిలబడింది. "నాకు తెలీదండీ."

"చెయ్యి చూపించు."

చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇన్నాళ్ళలో అది చెప్పిన మాట వినకపోవడం అదే మొదటిసారి. మరదలు ముందుకెళ్ళి దాని చెయ్యి లాగి చూసింది. బొటనవేలి చివర, చూపుడువేలి చివర సూదిపోట్లు, ఎర్రగా.

"అబద్ధమెందుకు చెప్తున్నావు? బడికి టైమైపోతోంది, ఇప్పుడు ఏం వేసుకెళ్తావు? నేను ఎంత కష్టపడి..." మరదలి గొంతు పెరిగింది. దాని మీద గొంతు పెంచడం కూడా అదే మొదటిసారి.

అంతే, పిల్ల ఫెటేల్మని పగిలింది.

"నువ్వే! నువ్వే కుట్టావు! నేను ఆకుపచ్చవాళ్ళింటికి వెళ్ళను! నన్ను పంపొద్దు! నువ్వు మళ్ళీ కుడితే నేను మళ్ళీ పీకేస్తా! ఎన్నిసార్లు కుడితే అన్నిసార్లు పీకేస్తా!"

వెనక యంత్రం దడదడలాడుతోంది. ఆకుపచ్చవాళ్ళెవరో మరదలికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. గుర్తుంటే పంపేసేవి అని నేనే చెప్పాను కదా! పాపం, ఏ కొత్తవాళ్ళ ఇల్లో, ఎప్పుడు పంపుతారో అని రోజంతా లోలోపల కుమిలిపోయి, ఎవరూ చూడకుండా కూర్చుని పీకింది. ఏం చెప్పినా సరేనండీ అనే పిల్ల, ఇది మాత్రం సరే అనలేదు. చేతిలో ఇస్త్రీపెట్టె నిలబెట్టేసి మరదలికి గబగబా చెప్పాను.

అప్పటికి పాప రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళు ఇంతింతయ్యాయి. "తప్పయిందండీ. నువ్వు అన్నాను. ఇంకెప్పుడూ అననండీ."

మరదలు దాని ముందు కింద కూర్చుంది. "తప్పని ఎవరన్నారు?"

"ఆ ఇంట్లో" అంది పాప, వెక్కిళ్ళ మధ్య. "నేను ఆవిడని అమ్మా, నువ్వు రా అన్నాను. అందరిముందూ. ఆవిడకి కోపం వచ్చింది. ఇంకా చాలాసార్లు అన్నాను. నోరు జారిపోయేదండీ. మర్యాద తెలీని పిల్ల మాకొద్దు అన్నారు. తర్వాత కారెక్కించి దింపేశారు."

ఆ ఇంటి అడ్రసు నా దగ్గరుంటే ఏం చేసేదాన్నో తెలీదు. కాలుతున్న ఇస్త్రీపెట్టెతోనే బయల్దేరేదాన్నేమో. మరదలు మాత్రం కోపం తెచ్చుకోలేదు. దాని చేతులు నోటి మీద నుంచి తీసి, ఆ సూదిపోట్ల మీద తన పెదాలు పెట్టింది.

"ఇంకోసారి అను" అంది.

"ఏమనండీ?"

"ఆ మాటే. నువ్వు అను."

పాప నా వైపు చూసింది. నాయనమ్మ వైపు చూసింది. ఇదేమైనా పరీక్షా అన్నట్టు. "నువ్వు" అంది, వినీ వినపడనట్టు.

"నాకు వినపడలేదు."

"నువ్వు."

"ఎన్నాళ్ళు ఏడిపించావే నన్ను ఆ ఒక్క మాట కోసం!" అని మరదలు దాన్ని వాటేసుకుని భోరుమంది. "ఎంత కోపమొచ్చినా నువ్వే అనాలి. నన్ను తిట్టు, కేకలెయ్, అలుగు, పళ్ళెం విసిరెయ్. నేను కూడా తిడతాను. తిట్టుకుని ఇద్దరం ఇక్కడే ఉంటాం. ఎవరూ ఎవరినీ ఎక్కడికీ పంపరు."

మా అమ్మ కుర్చీలోంచి లేచి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "నేనేం పాపం చేశానే? నన్నూ అనవే."

"నువ్వు" అంది పాప.

"అద్గదీ!"

ఇంత జరిగాక మా తమ్ముడు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమైంది? ఎవరిదైనా చొక్కా చిరిగిందా?" పాప వాడి వైపు తిరిగి "నాన్నా, నువ్వు!" అంది. వాడికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకుండానే ఏడ్చేశాడు, మొగాడు.

ఆ రోజు బడికి వెళ్ళలేదు. మరదలు దారపుండ తెచ్చి పాప ఒళ్ళో పెట్టి, ఇది నీ కోసమే దాచిన రంగు, బడిలో నీ కోటు పోతే మనింటికే తిరిగి రావడానికి కుట్టాను, అని నిదానంగా చెప్పింది. పాప అంతా విని, బాగా ఆలోచించి, "మరి నీ బట్టలు పోతే?" అంది. అందుకని ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరి బట్టలకీ ఆకుపచ్చ కుట్లు పడ్డాయి. నా పాత స్వెట్టరుకీ పడ్డాయి, మా అమ్మ శాలువాకీ పడ్డాయి. కొన్ని కుట్లు పాపే వేసింది, అవి వంకరటింకరగా ఉంటాయి.

ఇక అక్కడి నుంచి చూడాలి దాని తడాఖా! పాలు వద్దంది. జడ గట్టిగా లాగుతున్నావని అరిచింది. స్నానానికి రమ్మంటే మంచం కింద దూరింది. నేను కసిరితే, "నువ్వే ఎప్పుడూ కసురుతావు, నీకు కోపమెక్కువ" అని నా మొహం మీదే అనేసింది. ఈ వీధిలో ఆ మాట నా మొహం మీద అన్న మొదటి మనిషి అదే. పక్కింటావిడ వచ్చి, "పాప మారిపోయిందేమిటి, ఇదివరకు ఎంత పద్ధతిగా ఉండేదీ" అని బుగ్గలు నొక్కుకుంది. "అవునండీ, చెడిపోయింది" అంది మరదలు, అంత సంతోషంగా ఆ మాట ఎవరూ అని ఉండరు.

కానీ కచేరీ రోజు దగ్గరపడేకొద్దీ మరదలికి నిద్ర కరువైంది. అక్కడికి వెళ్ళగానే మళ్ళీ బిగుసుకుపోయి మీ ఇష్టమండి అంటే? మేడమ్ అన్న ఆ ఆలోచించడం మొదలుపెడితే? "ఏం చెప్పాలో నేర్పించకూడదన్నారు వదినా" అని నేర్పించనూ లేదు, చెప్పనూ లేదు. చేతిలో ఏ బట్ట ఉన్నా రుద్దుతూనే ఉండేది, మరక పోయినా సరే.

కచేరీలో మళ్ళీ అదే బెంచీ. పేరు పిలిచారు. పాపని ఒక్కదాన్నే రమ్మన్నారు. పాప లేవలేదు.

"అమ్మ వస్తేనే" అంది.

మేడమ్ లోపలికి వెళ్ళి అడిగొచ్చింది. సరే, అందర్నీ రమ్మన్నారట. లోపల పెద్ద బల్ల, బల్ల వెనక కళ్ళజోడు పెద్దాయన, పక్కన టైపు చేసే అమ్మాయి. మరదలు, పాప ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మేం గోడవారన నిలబడ్డాం. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"ఏమ్మా, బాగున్నావా?" అన్నారాయన. "ఒక మాట అడుగుతాను, నీకెలా అనిపిస్తే అలా చెప్పు. వీళ్ళ దగ్గర ఉండటం నీకిష్టమేనా?"

పాప ఆయన్ని చూసింది. తర్వాత పక్కకి తిరిగి మరదలిని చూసింది. అలా చూస్తూనే ఉంది. చెప్పవే తల్లీ, చెప్పు, అనుకుంటున్నాను. మరదలు తల వంచుకుని ఉంది.

పాప మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"ఇష్టమే. ఇది మా అమ్మ. నువ్వు ఇంక అలా అడక్కు."

"మీరు అనాలమ్మా" అంది మరదలు కంగారుగా.

"ఉండు అమ్మా, నేను చెప్తున్నాగా!" అని పాప మరదలి చెయ్యి పట్టుకుని బల్ల మీద పెట్టింది, ఆయనకి కనపడేలా. "చూడు, ఎలా వణుకుతోందో. నువ్వు అడిగినప్పుడల్లా అమ్మకి భయమేస్తోంది. నాన్నకీ భయమేస్తోంది. నేను చెప్పేశాను కదా. ఇంకెప్పుడూ అడగకు."

టైపు చేసే అమ్మాయి ఎక్కడిదక్కడ ఆపేసింది. పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"అలాగేనండీ" అన్నారు పాపతో. "ఇంకెప్పుడూ అడగను."

కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు.